అర మెట్టు దిగిన పాట

నాకు అనుమానం ఎక్కువ. ఈ మాట మా అమ్మ అన్నది, మా అత్త అన్నది, చర్చిలో అయ్యగారు నా పేరు ఎత్తకుండా ప్రార్థనలో కూడా అన్నారు. పాలు పోసే చంద్రమ్మ చెంబులో నేను వేలు ముంచి చూడనిదే ఆమె మా గడప దిగేది కాదు. తక్కెడ కింద చింతపండు అంటించిన దుకాణాయనను అమీర్‌పేట మొత్తంలో పట్టుకున్నది నేనొక్కదాన్నే. అందుకని నా అనుమానం మీద నాకు మంచి నమ్మకం ఉండేది. ఆ నమ్మకంతోనే ఒక మనిషిని పట్టపగలు, నలుగురి ముందు దొంగను చేశాను.

నా పేరు నవోమి. చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు మాది. ఆదివారం ఆరాధనలో కాలితో తొక్కే హార్మోనియం నేనే వాయించేదాన్ని. మా ఆయన దయారత్నం కార్నెట్, అంటే మీటలున్న పొట్టి ఇత్తడి బాకా, వాయించేవాడు. చిన్నప్పుడు సర్కారు పల్టన్ బ్యాండులో సిపాయిల దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో గోవా వాద్యగాళ్ళ పక్కన నాలుగేళ్ళు కూర్చుని జాజ్ పట్టుకొచ్చాడు. ముప్పై నాలుగులో సొంత బ్యాండు పెట్టాడు. ఆయన కాక ఆరుగురు. పగలు పెళ్ళిళ్ళు, సాయంత్రాలు క్లబ్బు. యుద్ధం వచ్చాక కంటోన్మెంటు నిండా సోల్జర్లు దిగారు. వాళ్ళకు జాజ్ లేనిదే శనివారం గడవదు. మన పెళ్ళివాళ్ళు మాత్రం తక్కువ తిన్నారా? ఊరేగింపు మధ్యలో పెళ్ళికూతురి తండ్రే వచ్చి, "జర గా ఎగిరే పాట కొట్టుండ్రి భాయ్" అని అడిగేవాడు.

దయారత్నానికి గ్రామఫోను అంటే ఒళ్ళు మంట. క్లబ్బులో కొత్త కుర్రవాళ్ళు ప్లేట్లు పెట్టుకుని పాటలు ఎత్తుకుంటుంటే చూసి వచ్చి ఇంట్లో తిట్టేవాడు.

"జాజ్ అంటే ఏంది? ఇయ్యాల వాయించినట్టు రేపు వాయించొద్దు. ప్లేటు ఏం జేస్తది? ఇయ్యాలటిదే రేపు, రేపటిదే ఎల్లుండి. గది పాట గాదు, సద్దన్నం."

ఆయనది నోటి పద్ధతి. కాగితం ఉండదు. ముందు వాయిద్యం కూడా ఉండదు. పాటంతా నోటితో "తర్రా పపా, తరరీ" అని పలికించేవాడు. నోట్లో కుదిరాకనే చేతికి వాయిద్యం రానిచ్చేవాడు. పల్టన్‌లో ఆయన ఉస్తాదు అట్లాగే నేర్పాడట. సీనా బసీనా అనేవాడు ఆ ఉస్తాదు, రొమ్ము నుంచి రొమ్ముకు అని. ప్రతి పాటలో నడుమ కొంచెం జాగా ఖాళీ వదిలేవాడు దయారత్నం. ఆ ఖాళీలో వాయించేవాడికి ఆ పూట ఏది పుడితే అది వాయించాలి. నిన్నటిదే ఇవాళ వాయిస్తే చెవి పట్టుకుని మెలిపెట్టేవాడు, గడ్డాలు నెరిసిన వాళ్ళకు కూడా. "మెషిన్ల పాడినోడు మన బ్యాండుల ఉండడు" అని, ప్లేటు కోసం ఎవరూ వాయించకూడదని ఆరుగురి చేతా ఒట్టు పెట్టించాడు.

ఆ ఆరుగురిలో శివరాములు వేరు. సిద్దిపేట దిక్కు నుంచి వచ్చిన సాలెవాళ్ళ ఇంటివాడు. పంజగుట్టలో రోడ్డు పక్కన కుట్టు దుకాణం. మా బ్యాండు కోట్లకు కొలతలు తీసుకోవడానికి మొదటిసారి మా ఇంటికి వచ్చాడు. అప్పుడే లోపల వాయిస్తున్న పాటను, టేపు మెడలో వేసుకుని, తనకు తెలియకుండానే ఈల వేశాడు. దయారత్నం వాయించడం ఆపి అతని మొహం చూశాడు. ఆ వారమే అతని చేతిలో పాత క్లారినెట్ పెట్టాడు. తొమ్మిదేళ్ళు ఇద్దరూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. అతను నన్ను వదినా అనేవాడు. మా ఇంట్లో అన్నం తినేవాడు, తిన్న పళ్ళెం తనే కడిగిపెట్టేవాడు. అది కూడా నాకు కొంచెం అనుమానంగానే ఉండేది. అంత మంచితనం ఎందుకు అని.

క్లబ్బులో మా బ్యాండుకు ఏడు పాటలు ఉండేవి. ఏడూ ఎవరివో. నలభై మూడు వానాకాలంలో దయారత్నం ఎనిమిదోది కట్టాడు. అది సొంతం. పేరు పెట్టలేదు, ఎనిమిదో నంబరు అనేవాళ్ళం. కార్నెట్ అడిగితే క్లారినెట్ జవాబు చెబుతుంది. జవాబు విన్నాక కార్నెట్ ఇంకొంచెం పైకి పోయి మళ్ళీ అడుగుతుంది. ఇద్దరిలో ఒకరు లేకపోతే ఆ పాట లేదు. డిసెంబర్ ముప్పై ఒకటిన క్లబ్బులో డ్యాన్సు. ఆ రోజు మొదటిసారి వాయించాలని ఇద్దరూ అనుకున్నారు. అప్పటిదాకా మిగిలిన ఐదుగురికి కూడా వినిపించకూడదు. ముందు గదిలో తలుపు వేసుకుని నోటితోనే సాధన చేసేవారు. వంటింట్లో నేను వినేదాన్ని. ఆ పాట నాకు ఎంత ఇష్టమయిందంటే, అన్నం కూడా రెండుసార్లు మాడింది. అంటే ఆ పాట తెలిసినవాళ్ళం ముగ్గురం. నన్ను నేను అనుమానించలేను కాబట్టి ఇద్దరు.

డిసెంబర్ రెండో వారంలో క్రిస్మస్ బట్టలకని ఖైరతాబాద్ వెళ్ళాను. టాంగాలో తిరిగి వస్తుంటే ఒక పెళ్ళి ఊరేగింపు ఎదురొచ్చింది. హనుమాండ్లు బ్యాండు. రెండేళ్ళ కింద పెట్టిన బ్యాండు అది. వాళ్ళు వాయిస్తున్నది ఎనిమిదో నంబరు.

నా చేతిలో గుడ్డల మూట కింద పడింది. అడిగే ముక్క విన్నాను, జవాబు ముక్క విన్నాను. అంతలో టాంగా ఆయన గుర్రాన్ని అదిలించాడు, మలుపు తిరిగాం. మిగతాది వినలేదు. వినవలసిన అవసరం ఉందని కూడా అనుకోలేదు. అమీర్‌పేట చేరేలోపు దొంగ ఎవరో నాకు తేలిపోయింది. హనుమాండ్లు ఎవరు? శివరాములు మేనత్త అల్లుడు. ఆ బ్యాండు వేసుకున్న కొత్త కోట్లకు ఎర్ర అంచు ఎవరు కుట్టారు? ఆ అంచు తిప్పడం శివరాములుకు తప్ప ఇంకెవరికీ రాదు. పళ్ళెం ఎందుకు కడిగేవాడో కూడా నాకు ఆ క్షణాన అర్థమయినట్టే అనిపించింది.

మర్నాడు మధ్యాహ్నం బ్యాండంతా మా ముందు గదిలో కూర్చున్నప్పుడు నేను వెళ్ళి నిలబడ్డాను. మామూలుగా ఆ గదిలోకి వెళ్ళను.

"శివరాములూ, ఎనిమిదో నంబరు హనుమాండ్లుకు ఎందుకిచ్చినవ్?"

ఎనిమిదో నంబరు అనేది ఒకటుందని మిగిలిన వాళ్ళకు అప్పుడే తెలిసింది. శివరాములు క్లారినెట్ మూతికి బిగించే రీడు పుల్లను నోట్లో పెట్టుకుని తడుపుతున్నాడు. అది తీశాడు.

"ఏమంటున్నవ్ వదినా?"

"నిన్న ఖైరతాబాద్ల నా చెవుల్తోని విన్న. తెలిసినోళ్లు మీరిద్దరే. హనుమాండ్లు నీకేమైతడు? గా కోట్లు ఎవలు కుట్టిండ్రు?"

"కోట్లు నేనే కుట్టిన. పాట నేనియ్యలే."

"మరి గాలిల పోయిందా?"

అతను దయారత్నం వైపు తిరిగాడు. "అన్నా," అన్నాడు, అంతే. దయారత్నం కార్నెట్ మీటను తీసి, నూనె చుక్క వేసి, మళ్ళీ పెట్టాడు. మళ్ళీ తీశాడు. తలెత్తలేదు. డ్రమ్ము వాయించే ముసలి ధర్మయ్య గొంతు సవరించుకున్నాడు. శివరాములు కాసేపు చూశాడు. తర్వాత క్లారినెట్‌ను మూడు ముక్కలుగా విప్పి, గుడ్డలో చుట్టుకుని, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు.

మా ఆయన అట్లా తలవంచుకుంటే తమ్ముడి లాంటివాడు మోసం చేసినందుకు బాధ అనుకున్నాను. ఆ సాయంత్రం ఆయనకు ఇష్టమని తలకాయ కూర వండాను. తినలేదు.

డిసెంబర్ ముప్పై ఒకటిన క్లబ్బులో ఏడు పాటలే వాయించారు. క్లారినెట్‌కు కొత్తవాణ్ణి పెట్టారు, వాడు నడుమ ఖాళీ రాగానే బిక్కమొహం వేసేవాడు. పెళ్ళి బేరాలు తగ్గాయి. నాకేం పశ్చాత్తాపం లేదు. రవికెలు కుట్టించుకోవడం కూడా వేరే దుకాణానికి మార్చాను. వాడు ఒక చెయ్యి పొడుగూ ఒక చెయ్యి పొట్టీ కుట్టాడు. దానికి కూడా శివరాములునే తిట్టుకున్నాను.

మా చర్చిలో నెలకు మొదటి ఆదివారం ప్రభువు బల్ల సంస్కారం ఇస్తారు. రొట్టె, ద్రాక్షరసం. ఎవరి మీదైనా పగ ఉన్నవాడు, ఎవరికైనా అన్యాయం చేసి దాచుకున్నవాడు ముందు ఆ సంగతి తేల్చుకుని రావాలి. తేల్చుకోకుండా తీసుకుంటే అది శాపమని మావాళ్ళ గట్టి నమ్మకం. సంస్కారం జరిగేటప్పుడు నేను హార్మోనియం దగ్గర ఉంటాను. తీసుకోవడానికి ఎవరు లేచారు, ఎవరు లేవలేదు, నాకు కనిపించినంత అయ్యగారికి కూడా కనిపించదు. మా చుట్టం విజయరత్నం బావగారు భూమి తగాదాలో ఉన్నప్పుడు రెండేళ్ళు లేవలేదు, మొదట కనిపెట్టింది నేనే.

జనవరిలో దయారత్నం లేవలేదు. కడుపులో బాగా లేదన్నాడు. ఫిబ్రవరిలో లేవలేదు. అయ్యగారు ఎదురుచూసి, గిన్నె మీద గుడ్డ కప్పేశారు. మార్చిలో సంస్కారానికి ముందు పాటకే లేచి బయటకు వెళ్ళిపోయాడు. కిటికీలోంచి చూశాను. వేపచెట్టు కింద నిలబడి పై పెదవి నొక్కుకుంటున్నాడు.

మొదట, శివరాములు మీద పగతో అనుకున్నాను. తర్వాత నిద్ర పట్టని ఆలోచన ఒకటి పట్టుకుంది. పగ ఉన్నవాడు తిడతాడు కదా? ఈ మనిషి మూడు నెలల్లో శివరాములును ఒక్క మాట అనలేదు. నేను తిడుతుంటే లేచి పెరట్లోకి పోతున్నాడు. అన్నం ఒక పక్కనే నములుతున్నాడు. ఏదో దాస్తున్నాడు. నాకు అనుమానం పుడితే ఇంట్లో గోడకు కూడా నిద్ర ఉండదు. ఆయన కోటు జేబులు వెతికాను. ట్రంకు పెట్టె అడుగుదాకా తోడాను. ఇంకో ఆడమనిషి ఎవరైనా ఉందేమో అని క్లబ్బు దారిలో రెండుసార్లు వెంట నడిచాను కూడా, సిగ్గు లేకుండా. ఏమీ దొరకలేదు.

దొరికింది జూన్‌లో, నడిరోడ్డు మీద.

పంజగుట్టలో మా చుట్టం జీవమణి బిడ్డకు జ్వరమని చూసి వస్తున్నాను. సాయంత్రం నాలుగయి ఉంటుంది. ఒక పెళ్ళి ఊరేగింపు ఆగి ఉంది. ముందు ఎవరిదో మోటారు మొరాయించింది, దాన్ని నెడుతున్నారు. ఆగిన చోటే హనుమాండ్లు బ్యాండు ఎనిమిదో నంబరు ఎత్తుకుంది. ఈసారి నన్ను మలుపు తిప్పడానికి టాంగా లేదు. మొత్తం విన్నాను.

చివరికి వచ్చేసరికి పాట నడక మందగించింది. మందగించడమే కాదు, కిందికి జారింది. రోజూ హార్మోనియం ముందు కూర్చునే దాన్ని, ఏ మెట్టు ఏదో నాకు చెప్పక్కర్లేదు. పాట తెల్ల మెట్టు మీద మొదలయి, దాని పక్కన కింది నల్ల మెట్టు మీద ముగిసింది. బ్యాండంతా కలిసి, ఏడుగురూ ఒక్కలాగే, అర మెట్టు దిగారు. జనం "వాహ్" అన్నారు. ఎవరో రూమాలు గాల్లోకి విసిరారు.

దయారత్నం పాటలు పైకి పోయి ముగుస్తాయి. ఆయన నోట ఆ పాట చివర దిగడం నేను ఒక్కనాడూ వినలేదు. ఏ మనిషి నోటా పాట అట్లా దిగదు. అది నాకు తెలిసిన దిగుడే, కానీ మనుషులది కాదు. అయ్యగారి ఇంట్లో గ్రామఫోను ఉంది. చావి సరిగ్గా తిప్పకపోతే కీర్తన చివర అచ్చం అట్లాగే, తూగుతున్న ముసలాయనలా కిందికి జారుతుంది.

నేను జనాన్ని తోసుకుంటూ వెళ్ళి హనుమాండ్లు ముందు నిలబడ్డాను. చెమట తుడుచుకుంటున్నాడు.

"ఎవలు నేర్పిండ్రు నీకు ఈ పాట?"

"ఎవలైతే ఏంది అక్కా? మస్తున్నదా లేదా?"

"మస్తున్నది. ఎవలు?"

అతనికి దాచే ఉద్దేశమే లేదు, గొప్ప చెప్పుకునే ఉద్దేశమే ఉంది. "మాకు ఉస్తాదంటే ప్లేటే. గా ఖైరతాబాద్ బంగ్లా నవాబు కొడుకు లేడా, చిన్న నవాబు, గాయన ఇచ్చిండు. నల్ల ప్లేటు, పైన పేరున్న కాయితం సుత లేదు. మా గ్రామఫోను మీద నలభై పార్లు పెట్టి విన్నం. ఒక్క పలుకు తప్పలే. ఉస్తాదు ఎట్ల వాయిస్తే గట్లనే వాయించాలె గద."

"చివర ఎందుకు దిగుతది?"

"అండ్ల గట్లనే ఉన్నది. గా దిగుడుకే చప్పట్లు పడుతున్నయ్. క్లబ్బోళ్లు సుత అడుగుతుండ్రు."

"నడుమల చావి తిప్పరా మీరు?"

"తిప్పితే సూది ఎగురుతది. ప్లేటు ఖరాబైతది."

"ప్లేటుల ఎంతమంది వాయించిండ్రు?"

"ఒక్కటే కార్నెట్ అక్కా. అడిగేది అదే, జవాబు అదే. ఎవలో గోవాయన అని చెప్పిండు చిన్న నవాబు."

పాతబడ్డ స్ప్రింగు అలసిపోతే, ఆ అలుపును కూడా ఉస్తాదు విద్య అనుకుని భక్తితో నేర్చుకున్నారు. ఇంకో రోజయితే పగలబడి నవ్వేదాన్ని. ఇప్పుడు ఖైరతాబాద్‌లో సగం బ్యాండ్లు ప్రతి పాటా చివర అట్లాగే దించుతున్నాయి, అదే జాజ్ అంటున్నాయి. ఆ రోజు మాత్రం, పాట తెలిసిన ఇద్దరిలో కార్నెట్ ఎవరిదో లెక్క వేసుకుంటూ నడిచాను. ఒక్కటే కార్నెట్. అడిగేదీ తనే, జవాబు చెప్పేదీ తనే.

ఇంటికి వచ్చేసరికి దయారత్నం అరుగు మీద కూర్చుని కార్నెట్ తోముతున్నాడు.

"ఏమయ్యా, చిన్న నవాబు బంగ్లాల ఎన్నడు వాయించినవ్?"

తోమే చెయ్యి ఆగింది. అబద్ధం చెబుతాడేమో అని చూశాను. చెబితే బాగుండునని కూడా నాలో ఏదో మూల అనిపించింది. చెప్పలేదు.

"నవంబర్ల," అన్నాడు. వేలితో పై పెదవి ఎత్తి చూపించాడు. ముందరి పన్ను చిగుళ్ళను వదిలి, వేలు తగిలితే చాలు ఊగుతోంది. కార్నెట్ బరువంతా ఆనేది ఆ పంటి మీదనే.

"దసరా సంది కదులుతున్నది. ఇది పోతే కార్నెట్ పోయినట్టే. పాట శివరాములుకు నోటితోని ఇయ్యొచ్చు నవోమీ. నా చప్పుడు ఎట్ల ఇయ్యాలె? గది నాతోనే పోతదని భయమైంది. చిన్న నవాబు బొంబాయి నుంచి మెషిన్ తెచ్చిండు, ప్లేటు మీద పాటను గీస్తది. రమ్మన్నడు. పోయి ఒక్కపారి వాయించిన. రెండు ముక్కలు నేనే. ఎవలకీ ఇయ్యనని మాటిచ్చిండు."

"మరి నేను శివరాములును గన్ని మాటలన్ననాడు నోరు తెరువకపోతివి!"

"తెరుద్దామనే ఉంటి. నువ్వు అప్పటికే అన్నీ చెప్పవడితివి. మేనత్త అల్లుడంటివి, ఎర్ర అంచంటివి. నాకు సుత ఒక్క నిమిషం నిజమే అనిపించింది. శివరాములే ఇచ్చిండేమో, ప్లేటు గాదేమో అని. గా నిమిషం దాటినంక, మెషిన్ల పాడినోడు బ్యాండుల ఉండడని ఒట్టు వెట్టించినోణ్ణి నేనే గద అని యాదికొచ్చింది. ఇగ నోరు రాలే. అప్పటికే గాయన చెప్పులేసుకున్నడు."

నాకు కోపం వచ్చింది. ఆయన మీద రావలసినంత వచ్చింది. కానీ ఎక్కువ నా మీదే వచ్చింది, దాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఆయన ఒక దొంగను వెతుక్కోనక్కర లేకుండా నేనే వండి వడ్డించాను. ఆయన తిన్నాడు.

మర్నాడు పొద్దున్నే శివరాములు దుకాణానికి వెళ్ళాను. అతను కుట్టుమిషన్ తొక్కుతున్నాడు. నన్ను చూసి ఆపి, స్టూలు మీద గుడ్డలు తీసి, "కూసో వదినా" అన్నాడు. ఆరు నెలల కింద నేనన్న మాటలు ఇంకెవరినో అన్నట్టుగా ఉన్నాడు. నేను కూర్చోలేదు. నిలబడే అంతా చెప్పాను, పన్ను సంగతి తప్ప. దాన్ని ఆయనే చెప్పుకోవాలి అనిపించింది.

"ఎరికే," అన్నాడు శివరాములు.

"ఎరికేనా? ఎప్పటి సంది?"

"మాఘంల మా దగ్గరి పెండ్లిల విన్న. నేనిచ్చుంటే నడుమ ఖాళీల నాది ఉండాలె గద? అండ్ల అన్న వాయించుడు ఉన్నది. మల్లొక పెండ్లిల విన్న. మల్ల గదే ఉన్నది, పొల్లు పోకుంట. మనిషి నేర్పితే గట్ల రాదు. అన్న ఏదో మెషిన్ల పాడిండని అప్పుడే తెలిసింది."

"మరి వచ్చి నా మొఖాన కొట్టినట్టు చెప్పకపోతివి!"

"ఏమని చెప్పాలె? ఇద్దరమే ఉంటిమి. నేను గాదంటే ఇంకెవలు? అన్నను దొంగను చేసి నేను బ్యాండుల కూసోవాల్నా?" అతను మిషన్ చక్రం మీద చెయ్యి పెట్టాడు, తొక్కలేదు. "ఆయనే వస్తడని చూసిన. దినాం చూసిన."

నాకు ఏడుపు వచ్చింది. బండెడు మాటలు ఎప్పుడూ నోటి చివర ఉంచుకునేదాన్ని, ఆ పూట తప్పయింది అనే ఒక్క మాటే అనగలిగాను. శివరాములు తల ఊపాడు.

"ఐతారం నేనే వస్త. ఆర్మంది ముంగట నన్ను దొంగన్నరు, ఆర్మంది ముంగటనే తేలాలె. నువ్వు గాదు వదినా. అన్న చెప్పాలె."

ఆదివారం మధ్యాహ్నం అందరూ వచ్చారు. నేను వంటింటి గుమ్మంలో నిలబడ్డాను. దయారత్నం లేచి, ఎవరినీ చూడకుండా, గోడకు చెబుతున్నట్టు చెప్పాడు. ప్లేటు తనదే అన్నాడు. శివరాములు తప్పు లేదన్నాడు. తెలిసీ నోరు మూసుకున్నానన్నాడు. ధర్మయ్య, "ఒట్టు వెట్టించింది నువ్వే గద దయారత్నం" అన్నాడు. "నేనే. అందుకే బ్యాండు మీకిడిచి పోత" అని ఆయన కార్నెట్ తీసి బల్ల మీద పెట్టాడు.

శివరాములు గుడ్డ విప్పి క్లారినెట్ ముక్కలు కలుపుతున్నాడు.

"పోవుడు సంగతి తర్వాత. గా పాట మనమిద్దరం వాయిద్యాలతోని ఒక్కపారి సుత వాయించలే. ఎంతసేపూ నోటితోనే ఆయె. తియ్యి అన్నా."

దయారత్నం అతని మొహం చూశాడు. కార్నెట్ తీసుకున్నాడు. అడిగే ముక్క వాయించాడు. శివరాములు జవాబు చెప్పాడు. ఆరు నెలలు మూలన పడి ఉన్న క్లారినెట్ కాదది, ఒక్కడే రోజూ సాధన చేశాడని నాకు తెలిసిపోయింది. ఇప్పుడు కార్నెట్ ఇంకొంచెం పైకి పోవాలి. దయారత్నం బుగ్గలు బిగించాడు. పైకి పోలేదు. గాలి వచ్చింది, చప్పుడు రాలేదు. ఇంకోసారి ప్రయత్నించాడు. పెదవి మీద నెత్తురు కనిపించింది.

అప్పుడు పెదవి ఎత్తి పన్ను చూపించాడు.

"ఎప్పటి సంది?" అన్నాడు శివరాములు.

"కదులుడు దసరా సంది. వాయించరాకుంట ఏం లేకుండె. ఈస్టర్ దాంక పైది సుత అందింది. ఇప్పుడు లేదు."

శివరాములు వేళ్ళు మడిచాడు. డిసెంబర్ నుంచి ఈస్టర్ దాకా. నాలుగు వేళ్ళు. అప్పుడు నా వైపు తిరిగాడు. తొమ్మిదేళ్ళలో అతని కళ్ళలో కోపం చూడటం అదే మొదలు.

"దొంగ అన్నందుకు నాకు ఫికర్ లేదు వదినా. పేరు పోతే మల్ల వస్తది. నాలుగు నెలలు అన్నకు పన్ను ఉండె. నేనుంటి. గా పాట వాయించకపోతిమి. నాలుగు నెలలు."

 

శివరాములు ఆయన పక్కన బల్ల మీద కూర్చున్నాడు. "నోటితోని అను అన్నా. నేను జవాబు చెప్త" అన్నాడు. దయారత్నం కార్నెట్‌ను ఒళ్ళో పెట్టుకుని, పన్ను ఊగుతున్న నోటితో, మాట తడబడుతూ పాట పలికాడు. క్లారినెట్ జవాబు చెప్పింది. నడుమ ఖాళీ వచ్చినప్పుడు ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు, ఆ పూటకు ఏదో పుట్టింది, నేను ఎన్నడూ విననిది. మిగిలినవాళ్ళు కుర్చీలు దగ్గరికి జరుపుకున్నారు. నేను గుమ్మంలోనే నిలబడి ఉన్నాను. ఎవరూ నన్ను లోపలికి రమ్మనలేదు.